ముందుగా వేసే ఈల

తెలుగువాళ్ళు తీరిగ్గా కూచుని చెప్పుకునే మాటలకి రెండు పేర్లున్నాయి. ఒకటి కబుర్లు, రెండోది బాతాఖానీ. కబురు మా ఇళ్ళలోని ఖబర్ నుంచి వచ్చింది. బాతాఖానీలో ఉన్నది మా బాత్. జవాబు, జేబు, ఖర్చు, అసలు, హాజరు - ఇవన్నీ ఉర్దూ గుమ్మం దాటొచ్చి తెలుగైపోయినవే. ఎవరూ వాటిని ఏ ఊరు, ఏ మతం అని అడగరు. మాటలు ఇంత సులువుగా కలిసిపోయాయి. ఆ మాటల్ని మోసుకొచ్చిన మనుషులం మాత్రం నలుగురు కబుర్లు చెప్పుకునే చోట ఇంకా కాస్త ఒదిగే కూచుంటాం. ఎందుకని?

నాకో దోస్తున్నాడు. డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెప్తాడు. నేను పేపర్లో పనిచేసేవాణ్ణి. ఇంట్లో ఉర్దూ, ఆఫీసులో తెలుగు. ఇద్దరిదీ నల్లగొండ జిల్లాయే. హైదరాబాద్‌లో హాస్టల్ రోజుల నుంచీ కలిసే తిరిగాం. అతను నన్ను 'మియా' అంటాడు, నేనతన్ని 'సారూ' అంటాను. ఆదివారం వచ్చిందంటే ఇరానీ హోటల్లో చాయ్, ఉస్మానియా బిస్కెట్లు, రెండు గంటల ముచ్చట. క్రికెట్, సినిమా, పిల్లల చదువులు, మోకాళ్ళ నొప్పులు, మనుషుల మనసులు. మేం దేశాన్ని ఉద్ధరించే మాటలేవీ మాట్లాడుకోం. అందుకే ఆ మాటల గురించి రాయాలనిపించింది. పెద్ద సభల్లో అందరం జాగ్రత్తగానే మాట్లాడతాం. మనిషి ఎంత స్వేచ్ఛగా ఉన్నాడో తెలిసేది పనికిరాని మాటలు మాట్లాడేటప్పుడే.

మేమిద్దరం ఒకే మాట అంటాం. కానీ ఆ మాటకి ఇద్దరం కట్టే ధర ఒకటి కాదు.

1999 జనవరి 31. చెన్నై చెపాక్‌లో పాకిస్తాన్‌తో టెస్టు చివరి రోజు. సచిన్ 136 కొట్టి అవుటయ్యాడు. ఆ తర్వాత మనవాళ్ళు కుప్పకూలి 12 పరుగులతో ఓడిపోయారు. హాస్టల్ టీవీ ముందు మేం తలలు పట్టుకుని కూచున్నాం. ఇంతలో చెపాక్ జనం లేచి నిలబడి పాకిస్తాన్ ఆటగాళ్ళకి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల గురించి ఈనాటికీ గొప్పగా చెప్పుకుంటారు, చెప్పుకోవాల్సిందే. మా సారు ఆ రోజు టీవీ ముందు లేచి నిలబడి తనూ చప్పట్లు కొట్టాడు. "ఏం బౌలింగ్ రా భై, సక్లైన్‌కి సలాం కొట్టాలె" అన్నాడు. గదిలో అందరూ అతన్ని మెచ్చుకున్నారు. నా చేతులు మాత్రం ఒళ్ళోనే ఉన్నాయి. నాకూ సక్లైన్ బౌలింగ్ నచ్చింది. అయితే అదే మాట నా నోట్లోంచి వస్తే అది క్రికెట్ మాటగా మిగిలేది కాదు. చెపాక్‌లో కూడా ఒక్క మావాళ్ళే లేచి చప్పట్లు కొట్టి ఉంటే, దాన్ని క్రీడాస్ఫూర్తి అనేవాళ్ళా?

2000 డిసెంబరులో క్రికెట్ బోర్డు అజహరుద్దీన్ మీద జీవితకాల నిషేధం విధించింది. ఆడిన మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు కొట్టినవాడు. మూడు ప్రపంచకప్పుల్లో దేశానికి కెప్టెన్. మా గల్లీ పిల్లలందరం కాలర్ పైకెత్తుకోవడం నేర్చుకున్నది ఆయన్ని చూసే. సారు ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాడు. అది దెబ్బతిన్న అభిమాని కోపం. ఆ కోపం నాకూ ఉంది. కానీ హాస్టల్లో ఒకరి తర్వాత ఒకరు నా గదికొచ్చి, "ఏమంటవ్ మీవోని గురించి?" అని అడిగారు. నిన్నటిదాకా మనవాడు, ఒక్క రాత్రిలో మీవాడైపోయాడు! నేను తిడితే అది దేశభక్తి పరీక్షలో రాసిన జవాబు. ఊరుకుంటే ఆ ఊరుకోవడానికీ ఓ అర్థం. 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదంది. అప్పుడు మాత్రం నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

"అవన్నీ పాత ముచ్చట్లు మియా. సిరాజ్‌ను చూడు, దేశమంత నెత్తిన పెట్టుకుంది" అంటాడు సారు. నిజమే. హైదరాబాద్ ఆటోడ్రైవర్ కొడుకు. 2020 నవంబరులో తను ఆస్ట్రేలియాలో ఉండగా తండ్రి పోతే, ఇంటికి రాకుండా ఉండిపోయి ఆడాడు. 2025 ఆగస్టు 4న ఓవల్‌లో చివరి వికెట్ పడగొట్టి 6 పరుగులతో టెస్టు గెలిపించాడు. ఆ రోజు నేను ఇంట్లో గంతులేశాను. కానీ అంతకు ముందు రోజు సంగతి? హ్యారీ బ్రూక్ 19 పరుగుల మీద ఇచ్చిన క్యాచ్‌ని పట్టి, సిరాజ్ బౌండరీ తాడు తొక్కాడు. బ్రూక్ 111 దాకా వెళ్ళాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సారుకీ పట్టలేదట. అతనికి మ్యాచ్ పోతుందని భయం. నాకు మ్యాచ్ పోతుందనీ భయమే, పోతే ఆ పిల్లాణ్ణి ఏమంటారో అనీ భయమే. 2021 అక్టోబరు 24న దుబాయిలో పాకిస్తాన్ చేతిలో పది వికెట్ల తేడాతో ఓడినప్పుడు మన బౌలర్లలో ఒక్కరికీ వికెట్ పడలేదు. ద్రోహి అని బూతులు తిన్నది మాత్రం మహమ్మద్ షమీ. విరాట్ కోహ్లీ అతని పక్కన గట్టిగా నిలబడ్డాడు. అది నేను మరచిపోను.

"మాకు గెలిచే హక్కు ఎన్నడో దొరికింది సారూ, ఓడిపోయే హక్కే ఇంకా దొరకలేదు" అన్నాను. సారు చాయ్ కప్పు వంక చూస్తూ కూచున్నాడు.

సినిమా ముచ్చటా అంతే. తెలుగు సినిమాలో సాయిబు పాత్ర నోరు విప్పితే చాలు, 'నమ్మల్కి', 'నిమ్మల్కి' అంటుంది. హాలంతా నవ్వుతుంది. సారుకి ఆ డైలాగులన్నీ కంఠతా వచ్చు. ఓసారి అనుకరిస్తుంటే అడిగాను: "ఇన్నేళ్ళలో నేనెప్పుడన్నా నమ్మల్కి అన్ననా? మా అమ్మీ అన్నదా?" ఉర్దూ ముక్క రాని దూదేకులవాళ్ళున్నారు. తరతరాలుగా వాళ్ళ ఇంటి భాష తెలుగే. వాళ్ళు తెలుగులో ఏడుస్తారు, తెలుగులో జోలపాడతారు. తెరమీద వాళ్ళ తెలుగేది? సారు ఆలోచించి, "అది కామెడీ అనుకున్న గని, భాష గుంజుకునుడు అనుకోలే" అన్నాడు. ఆ తర్వాత నా ముందే కాదు, వేరేచోట కూడా ఆ అనుకరణ మానేశాడని నాకు తెలుసు.

నవ్వించని సాయిబు కూడా వచ్చాడు. 2002లో 'ఖడ్గం'. ప్రకాశ్‌రాజ్ వేసిన అంజాద్ ఆటో నడుపుకునే మంచివాడు. తమ్ముడు టెర్రరిస్టు. అన్న గుండె చీల్చి దేశభక్తి చూపించాలి. 2010లో 'వేదం' వచ్చింది. అందులో మనోజ్ బాజ్‌పాయ్ రహీముద్దీన్ ఖురేషీ. కేవలం పేరూ వేషమూ చూసి పోలీసు అనుమానించే మనిషి. ఆ పాత్రని చూసినప్పుడు మావాళ్ళ కళ్ళు తడిశాయి. మంచి సినిమాలు రాలేదని కాదు నేననేది. సాయిబు తెరమీద కొచ్చాడంటే చాలు, కథ అతని మతం చుట్టూనే తిరగాలా? ప్రేమలో ఓడిపోయి తాగి పడుకునే సాయిబు, బావమరిదితో పొలం గట్టు తగాదా పెట్టుకునే సాయిబు, ఊరికే పిసినారి సాయిబు ఎక్కడ? 'ఖడ్గం'లో అంజాద్ ఆవేశంగా మాట్లాడుతుంటే హాల్లో ఈలలు పడ్డాయి. నేనూ ఈల వేశాను. పక్కవాళ్ళకంటే ఓ క్షణం ముందే వేశాను.

ఆ ఈల సంగతి నాకు అర్థమైంది చాలా ఏళ్ళ తర్వాత, మా సారు సైకాలజీ వల్ల.

క్లాడ్ స్టీల్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ఉన్నాడు, ఆయన నల్లజాతి వాడు. 1995లో జాషువా ఆరన్సన్‌తో కలిసి ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించాడు. కష్టమైన పరీక్ష ఒకటి పెట్టి, ఇది మీ తెలివిని కొలిచే పరీక్ష అని చెప్తే నల్ల విద్యార్థులు వెనకబడ్డారు. ఇది తెలివిని కొలిచేది కాదు అని చెప్తే బాగా రాశారు. తమ జాతి మీద లోకం వేసిన ముద్ర నిజమైపోతుందేమోనన్న బెరుకు వాళ్ళ బుర్రలో సగం జాగా తినేస్తుందని ఆయన వాదన. తర్వాత పెద్ద ఎత్తున చేసిన ప్రయోగాల్లో ఆ ప్రభావం అంత బలంగా కనపడలేదనీ సారే చెప్పాడు. "పరీక్ష మార్కుల సంగతి అటుంచు మియా, ఈ కథ విను" అన్నాడు.

స్టీల్ 2010లో రాసిన పుస్తకం పేరు 'విజ్లింగ్ వివాల్డీ'. వివాల్డీ బాణీని ఈల వేయడం అన్నమాట. ఆ పేరు బ్రెంట్ స్టేపుల్స్ అనే నల్లజాతి రచయిత అనుభవం నుంచి వచ్చింది. షికాగోలో చదువుకునే రోజుల్లో ఆయన సాయంత్రాలు వీధిలో నడిచొస్తుంటే తెల్లవాళ్ళు బెదిరి తప్పుకునేవాళ్ళట. ఆయన వివాల్డీ సంగీతాన్ని ఈల వేస్తూ నడవడం మొదలుపెట్టాడు. నేను మీరనుకునేవాణ్ణి కాదు, చదువుకున్నవాణ్ణి, భయపడకండి అని ఆ ఈల చెప్పేది. ఎదుటివాళ్ళు ఊపిరి పీల్చుకునేవాళ్ళు.

నేను చాయ్ తాగడం మరచిపోయాను. షికాగో నేను చూడలేదు. ఆ ఈల మాత్రం నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు.

మా అమ్మీ పండక్కి షీర్‌ఖుర్మా ఇరుగుపొరుగుకి పంపేటప్పుడు, ఎవరూ అడక్కముందే "పాలు, సేమ్యాలే అమ్మా" అని చెప్తుంది. అది ఈల. రైల్లో ఫోనొస్తే నోటిదాకా వచ్చిన 'అస్సలాము అలైకుం' గొంతు దిగిపోయి 'హలో, చెప్పు' అవుతుంది. అది ఈల. టులెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే ఓ ఇంటాయన నా తెలుగు విని మురిసిపోయి, రేపే వచ్చేయండి అన్నాడు. పేరు చెప్పగానే, ఇల్లు మా చుట్టాలకి ఇచ్చేశాం అన్నాడు. అప్పట్నుంచీ ఫోనెత్తగానే మొదట పేరే చెప్తున్నాను. పెట్రోలన్నా మిగులుతుంది. 2007 ఆగస్టు 25 రాత్రి గోకుల్ చాట్, లుంబినీ పార్కు పేలుళ్ళ వార్తలు డెస్కుకి వస్తుంటే, ఆ హంతకుల్ని అందరికంటే ముందు తిట్టింది నేనే. నా దుఃఖం నిజం, కోపం నిజం. అందరికంటే ముందు అన్నానే, అదే ఈల.

మావాళ్ళ మధ్యనైనా హాయిగా ఉంటానా అంటే అదీ లేదు. అక్కడ ఇంకో రాగం వేయాలి. తలాక్ గురించి, ఆడపిల్లల చదువు గురించి నాకు తోచింది చెప్తే, "బయటివాళ్ళకి సందు ఇస్తున్నావు" అంటారు. అక్కడ ఖౌమ్ తరఫున మాట్లాడాలి, ఇక్కడ ఖౌమ్ మీద వాఙ్మూలం ఇవ్వాలి. నా తరఫున నేను మాట్లాడేదెప్పుడు?

2025 సెప్టెంబరు 28న ఆసియా కప్ ఫైనల్. దుబాయిలో పాకిస్తాన్‌తో. అపార్ట్‌మెంట్ కింద పెద్ద తెర కట్టారు. మన హైదరాబాదీ తిలక్ వర్మ 69 కొట్టి చివరిదాకా నిలబడ్డాడు. అందరం సంబరపడ్డాం. మా పద్నాలుగేళ్ళవాడు మాత్రం పాకిస్తాన్ వికెట్ పడిన ప్రతిసారీ అందరికంటే ముందు లేచి, గొంతు చించుకుని అరిచాడు. ఇంటికొచ్చాక, "ఎందుకు బేటా అంతగనం అరిచినవ్?" అన్నాను. "వికెట్ పడంగనే అందరు నా దిక్కే చూస్తరు అబ్బా. అందుకే వాళ్ళు చూడకముందే అరుస్తా" అన్నాడు మామూలుగా, చెప్పులు విప్పుకుంటూ.

వాడికి ఈల వేయడం నేను నేర్పలేదు. మా అబ్బా నాకూ నేర్పలేదు.

ఆ ఆదివారం ఇది సారుకి చెప్పాను. చాలాసేపటి తర్వాత అతను అడిగాడు: "మియా, నా ముంగట గూడ ఈల వేస్తవా?"

"నీ ముంగట తక్కువ" అన్నాను.

లేదు అనుంటే అతను సంతోషించేవాడు. అబద్ధం చెప్పాలనిపించలేదు. అతని ముఖం చిన్నబోయింది. తర్వాత అతనూ ఒక సంగతి చెప్పాడు. చుట్టాల వాట్సాప్ గ్రూపులో మావాళ్ళ మీద ఏదో అబద్ధపు వీడియో వస్తే ఇది నిజం కాదని రాశాడట. ఆనాటి నుంచి సొంత తమ్ముడు అతనితో మాట్లాడ్డం మానేశాడు. ఆర్నెల్లయింది. ఇన్ని ఆదివారాల్లో నాకొక్క ముక్క చెప్పలేదు. నా దోస్తీకి అతను కట్టే ధర కూడా ఉందన్నమాట.

సెక్యులర్ మిత్రులకి నేను చెప్పుకునేది పెద్దదేం కాదు. మమ్మల్ని పొగడకండి. మంచి ముస్లిం అని సర్టిఫికెట్ ఇవ్వకండి. కలాం గారి పేరు చెప్పి మాకు ధైర్యం నూరిపోయకండి. మా మాటని మాటగా వినండి, వాఙ్మూలంగా వినకండి. మేం ఒక బౌలర్‌ని మెచ్చుకుంటే ఆ బంతి గురించే మాట్లాడండి. మేం ఊరుకుంటే, పొద్దున చాయ్ తాగలేదేమో అనుకోండి.

మా పిల్లాడు ఏదో ఒక రోజు, మనవాళ్ళు చిత్తుగా ఓడిన సాయంత్రం, స్నేహితుల మధ్య కూచుని "చెత్త బౌలింగ్ రా" అని అందరితో పాటు విసుక్కోవాలి. ముందుగా కాదు, గట్టిగా కాదు. వాడి వంక ఎవరూ చూడకూడదు. సారు కొడుకు వాడి పక్కనే కూచుని బిస్కెట్ విరుచుకుంటూ ఉండాలి.