సి భాష నేర్చువారికి ఏ కంపైలరు?

మేము తెలుగు బోధించువారము. కంప్యూటరు మా శాఖ కాదు. అయినను మా తరగతిలో పద్యము చదువు విద్యార్థులే మరుగంటలో సి భాష అభ్యసించుచున్నారు. వారి ఇక్కట్లు మా చెవిని పడుచుండును. ఆ చనువుతోనే ఈ నాలుగు మాటలు.

సి భాషకు 1972 ప్రాంతమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ రూపము కల్పించెను. 1989లో దానికి ప్రామాణిక వ్యాకరణ మేర్పడినది. బోర్లాండ్ వారి టర్బో సి అంతకుముందే, 1987లో వచ్చినది. ప్రోగ్రాము వ్రాయుట, సరిచూచుట, నడుపుట ఒక్కచోటనే జరుగుట నాడు గొప్ప సౌకర్యము. కావుననే మన కళాశాలలలో అది చిరకాలము నిలిచినది.

కాని ఒక లెక్క చూడుడు. కోనసీమ తోటలో 400 కొబ్బరిచెట్లు. చెట్టుకు 100 కాయలు. గుణించిన 40,000. టర్బో సిలో ‘ఇంట్’ అను పూర్ణాంకమునకు రెండు బైట్ల చోటే కలదు. 32,767 దాటిన సంఖ్య అందు పట్టదు. కావున జవాబు −25,536 అని వచ్చును. దింపు తీయించిన రైతే కాయలు బాకీపడినట్లు! నేటి సామాన్య కంపైలర్లలో ఆ చోటు నాలుగు బైట్లు. లెక్క సరిగానే వచ్చును. ఈ భేదము తెలియని పల్లెటూరి విద్యార్థి తన బుద్ధినే శంకించి, ఈ చదువు నాది కాదని వెనుదిరుగును. మా ఆవేదన యంతయు ఇదియే. పైగా తెర తుడుచు ‘క్లర్‌స్కర్’ వంటివి ప్రామాణిక సి భాషలో లేనేలేవు. అవే భాషయని నమ్మినవాడు ఉద్యోగపు పరీక్షలో తడబడును.

అదే 1987లో రిచర్డ్ స్టాల్మన్ వెలువరించిన జీసీసీ నేటికిని సంస్కరింపబడుచు, ఉచితముగా లభించుచున్నది. హెచ్చరికలన్నియు చూపుమని కోరినచో, పోల్చవలసిన చోట రెండు ‘=’ గుర్తులకు బదులు ఒకటే వ్రాసినను అది అనుమానము తెలుపును. మక్తబులో తఖ్తీపై అక్షరము వంకరపోయిన ఉస్తాదు ఊరకుండడు గదా! ప్రారంభకునికి కావలసినది అట్టి గురువే.

విండోస్ యంత్రమున్నవారికి జీసీసీతో కలిసి వచ్చు కోడ్‌బ్లాక్స్ చాలును. విజువల్ స్టూడియో కోడ్ కేవలము వ్రాతపలక; కంపైలరును వేరుగా అమర్చుకొనవలెను. రాజోలు, కొత్తపేట పల్లెలలో ఇంట కంప్యూటరు లేనివారు ఆండ్రాయిడ్ ఫోనులోనే టెర్మక్స్ ద్వారా క్లాంగ్ అను కంపైలరును వాడుకొనవచ్చును.

పాత రికార్డు పుస్తకములను తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. ఆచార్యులు ఒకే ప్రోగ్రామును పాత, కొత్త కంపైలర్లు రెండింటను నడిపి చూపినచో, యంత్రపు పరిమితి ఏదో, తన పొరపాటు ఏదో విద్యార్థి తానే గ్రహించును. ఆ వివేకమే సి భాషలో మొదటి పాఠము కావలెనని మా మనవి.