అనంతగిరినుండి తాండూరునకు

అనంతగిరిపై పద్మనాభస్వామిని సేవించి, మూసీ పుట్టుచోటును జూచి, వికారాబాదున రైలెక్కి మేము తాండూరు చేరునప్పటికి చీకటి పడెను. బసలోని నాపరాళ్లు పాదములకు చల్లగానుండెను గాని పిల్లల కడుపులు మండుచుండెను. మా అత్తగారు ఉదయమునుండి పచ్చిగంగయైన ముట్టలేదు. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన యీ యూరి కందిపప్పును వండు తీరిక లేదు. సంచిలో మాకరోనీయు చీజును గలవు.

అత్తగారికొఱకు ఉల్లి మాని, పచ్చిమిరప, టమాటా, మొక్కజొన్నగింజలు నేతిలో మగ్గించి, ఉడికిన మాకరోనీని గలిపి, పొయ్యినుండి దింపిన పిదపనే చీజు తురిమితిమి. నిప్పుపై నుంచిన నది సాగి ముద్దయగును.

"మెక్సికోవారి తిండి నాకేల?" యని ఆమె మొగము త్రిప్పుకొనిరి. మిరపయు మొక్కజొన్నయు ఆ దేశపువే, మిరపను పోర్చుగీసువారు 16వ శతాబ్దమున మనకు దెచ్చిరని విన్నవించితిమి.

"మన ఆవకాయలోని మిరపయా!" యని నవ్వి రుచిచూచిరి. కారము చాలలేదనుచునే మరల వడ్డింపుమనిరి.