ఆగిపోయిన గడియారం

బరంపురంలో మా పెంకుటింటి వసారా గోడకి ఇత్తడి చట్రంలో గుండ్రటి యంత్రమొకటి వేలాడుతూ ఉండేది. కొత్తగా వచ్చినవాళ్ళు దాన్ని చూసి, "మీ గడియారం ఆగిపోయినట్టుందండీ" అనేవారు. అది గడియారం కాదు, బారోమీటరు. పాఠ్యపుస్తకాల్లో భారమితి అంటారు. గోపాల్‌పూర్‌లో పాతసామాన్ల కొట్లో నాన్నగారు కొన్నారు. లోపల గాలి తీసేసిన పల్చటి రేకు డబ్బీ ఉంటుంది. బయటి గాలి ఒత్తిడి పెరిగితే నొక్కుకుపోతుంది, తగ్గితే ఉబ్బుతుంది. ఆ కదలికే ముల్లుని తిప్పుతుంది.

రోజూ ఉదయం 10 గంటలకీ, సాయంత్రం 4 గంటలకీ ఆయన అద్దాన్ని వేలితో మెల్లగా తట్టి, అంకెని నోటుబుక్కులో రాసుకునేవారు. "రోజూ ఒకటేగా, ఎందుకండీ ఈ చాదస్తం?" అనేది అమ్మ. నిజానికి ఒకటి కాదు. సముద్రానికున్నట్టే గాలికీ ఆటుపోట్లున్నాయి. మన ప్రాంతాల్లో ఉదయం 10 ప్రాంతంలో ఎక్కువగా ఉన్న ఒత్తిడి, సాయంత్రం 4 అయ్యేసరికి సుమారు 3 మిల్లీబార్లు తగ్గుతుంది.

2013 అక్టోబరు 12. ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటుతుందని వాతావరణ శాఖ ముందే చెప్పింది. లక్షలమందిని తరలించారు. మా నాయనమ్మ మాత్రం, "ఈ ఇంట్లో ఎన్ని గాలివానలు చూశాను!" అంటూ కదలనంది. కరెంటు పోయింది, టీవీ ఆగింది. సాయంత్రం 4 గంటలకి ముల్లు దిగింది. "రోజూ దిగేదేగా" అన్నాను నేను, అన్నీ తెలిసినట్టు. నాన్నగారు మాట్లాడకుండా నోటుబుక్కు తెరిచి చూపించారు. రోజూ దిగేది 3. ఆరోజు దానికి రెండింతలు దాటిపోయింది, ఇంకా దిగుతూనే ఉంది. ఆయన నాయనమ్మతో వాదించలేదు. కుర్చీ వేసి ముల్లు ఎదురుగా కూర్చోబెట్టారు. అరగంటకి ఆవిడే లేచి, "పదండర్రా, చీకటి పడకుండా" అంది.

పక్కింటి ఒరియావారి డాబాలో తలదాచుకున్నాం. బారోమీటరుని తువ్వాల్లో చుట్టి వెంట తెచ్చారు నాన్నగారు. రాత్రి ముల్లు మళ్ళీ పైకి లేస్తుంటే సంబరపడి తలుపు గడియ మీద చెయ్యి వేశాను. "తియ్యకు! తుఫాను దాటుతోందంతే, గాలి ఇంకా ఉంది" అని కసిరారు. తెల్లారి చూస్తే మా ఇంటి పెంకులు చాలామటుకు లేవు. నాయనమ్మ మంచం మీద దూలం పడి ఉంది.

ఇప్పుడు నాన్నగారూ లేరు, పెంకుటిల్లూ లేదు. ఆ స్థలంలో కట్టుకున్న డాబా మీద మా అబ్బాయి చిన్న వాతావరణ కేంద్రం పెట్టాడు. అందులో బారోమీటరు గోరంత ఉంటుంది. లోపలి సన్నటి సిలికాన్ పొర గాలి ఒత్తిడికి వంగితే విద్యుత్ నిరోధం మారి అంకె వస్తుంది. "నాన్నా, వాతావరణ శాఖవారి లెక్క కన్నా 3 తక్కువ చూపిస్తోంది. పాడైపోయిందేమో" అన్నాడు మొన్న.

పాత నోటుబుక్కు తీశాను. మొదటి పేజీలో ఎర్రసిరాతో "3 కలుపు" అని ఉంది. అదేమిటో ఇన్నేళ్ళూ నేను అడగలేదు. ఆరోజే అర్థమైంది. సుమారు 8 మీటర్లు పైకి వెళితే ఒక మిల్లీబారు తగ్గుతుంది. మేముండే చోటు సముద్రమట్టానికి ఇంచుమించు 25 మీటర్ల ఎత్తు. శాఖవారు ఆ తేడా కలిపి సముద్రమట్టపు లెక్క చెబుతారు.

నోటుబుక్కులో ఇంకా ఖాళీ పేజీలున్నాయి. వాడి యంత్రం అంకెలన్నీ తనే దాచుకుంటుంది. అయినా 10 గంటలకి వాడు, 4 గంటలకి నేను చేత్తో రాస్తున్నాం, 3 కలిపి.