అలల పక్కన... ఎగిరే చేప!

బార్బడోస్ పడమటి తీరంలో రాత్రి భోజనానికి టేబుల్ బుక్ చేసుకునేవాళ్లు ముందుగా అడిగేది మెనూ గురించి కాదు, కుర్చీ నీళ్లకి ఎంత దగ్గరగా ఉంటుందని! అక్కడ ఆరు గంటల ప్రాంతంలో సూర్యుడు ఎదురుగా సముద్రంలోకే దిగిపోతాడు మరి.

కరీబియన్ దీవుల్లో తూర్పు చివరన ఉన్న ఈ దేశం పొడవు 34 కిలోమీటర్లే. ఒకవైపు అట్లాంటిక్ హోరు, రెండోవైపు చెరువులా ప్రశాంతంగా కరీబియన్ సముద్రం. ఆ ప్రశాంతమైన ఒడ్డుకే 'ప్లాటినం కోస్ట్' అని పేరు. 1627లో తొలి ఇంగ్లిషు వలసదారులు స్థిరపడిన హోల్‌టౌన్ చుట్టుపక్కల, తెల్లగుడ్డలు పరిచిన టేబుళ్లూ కొవ్వొత్తులతో రెస్టారెంట్లు నీళ్ల అంచునే ఉంటాయి. ధరలు చూసి గుండె గుభేలుమంటే కాస్త ఆగాలి. అవి బార్బడోస్ డాలర్లు, రెండు కలిస్తే ఒక అమెరికన్ డాలరు. అయినా తక్కువేం కాదు లెండి! 'డాల్ఫిన్' అన్న పేరు చూసి కూడా కంగారు పడక్కర్లేదు. అక్కడ మాహీమాహీ చేపని అలాగే పిలుస్తారు.

ఎన్ని ఖరీదైన వంటకాలున్నా ఈ దీవి రుచి మాత్రం ఎగిరే చేపదే. జానెడు పొడవుంటుంది. పెద్ద చేపలు తరిమితే నీళ్లలోంచి పైకి లేచి, రెక్కలు చాచి గాల్లో జారుకుంటూ పోతుంది. డాలరు నాణెం మీద ఉన్నదీ ఇదే. ఒళ్లంతా సన్నటి ముళ్లు. చేపల మార్కెట్లో ఆడవాళ్లు చిన్న కత్తితో వాటిని చకచకా తీసేస్తుంటే చూసి తీరాలి. ఆ చేపని టొమాటో, ఉల్లి పులుసులో ఉడికించి 'కూకూ'తో కలిపి వడ్డిస్తే అదే జాతీయ వంటకం. బెండకాయలు ఉడికించిన నీళ్లలో మొక్కజొన్న పిండి వేసి, చెక్క తెడ్డుతో ఉండ కట్టకుండా కలియబెడతారు. సంకటి తిని పెరిగినవాళ్లకి చెయ్యి దానంతటదే ముద్ద కట్టబోతుంది! పక్కన ఆవపిండి వేసిన పచ్చటి మిరప సాస్... చుక్క చాలు.

అయితే అడిగినప్పుడల్లా ఈ చేప దొరకడం లేదు. ఇది నీటిమీద తేలే వాటికి గుడ్లు పెడుతుంది. అందుకే జాలర్లు చెరకాకుల మోపులు తేలేసి, దగ్గరకొచ్చిన చేపల్ని వలల్లో పట్టేవారు. 2011 నుంచి సర్గాసమ్ అనే గోధుమరంగు నాచు సముద్రం మీద మేటలుగా కొట్టుకొస్తోంది. ఎటు చూసినా నాచే ఉంటే మోపును వెతుక్కుంటూ వచ్చే పని చేపకేముంది? నాచు ఎక్కువైన ఏడాదుల్లో వలలు తేలికగానే తిరిగొచ్చాయి. దక్షిణంగా ట్రినిడాడ్ జలాల్లోకి వెళ్దామా అంటే, అక్కడ వేట హక్కు గురించి రెండు దేశాల మధ్య గొడవ. 2006లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ సరిహద్దు గీసి, చేపల సంగతి మీరే మాట్లాడుకోండని చెప్పింది.

ఆపైన తుపాను. 2024 జూన్ 29న బ్రిడ్జ్‌టౌన్‌లో టీ20 ప్రపంచకప్ గెలిచిన టీమిండియా, హైదరాబాదీ సిరాజ్‌తో సహా, హోటల్లోనే చిక్కుకుపోవడం మనవాళ్లకి గుర్తుండే ఉంటుంది. కారణం బెరిల్ తుపాను. క్రికెటర్లు నాలుగో తేదీకల్లా ఢిల్లీ చేరారు. జులై 1న ఎగిసిపడ్డ అలలకి అదే బ్రిడ్జ్‌టౌన్ రేవులో కట్టేసిన చేపల పడవలు ఒకదాన్నొకటి గుద్దుకుని పగిలిపోయాయి, కొన్ని మునిగిపోయాయి. అప్పుడు టీవీల్లో కప్పు కనిపించినంతగా ఆ పడవలు కనిపించలేదు.

అసలు సీజన్ డిసెంబరు నుంచి జూన్ దాకా. ఆ రోజుల్లో వెళ్తే వెయిటర్‌ని 'చేప ఇవాళ్టిదేనా' అని మొహమాటం లేకుండా అడగొచ్చు. లేదంటే శుక్రవారం సాయంత్రం దక్షిణ తీరంలో జాలర్ల ఊరు ఆయిస్టిన్స్‌కి వెళ్లాలి. అక్కడ కొవ్వొత్తులుండవు. పొగలో, పాటల హోరులో చెక్క బల్లల మీద కూర్చుని తినాలి. దొరికిన రోజున చేప అదే, బిల్లు మాత్రం వేరు.