రేకుల షెడ్డు, ఎర్ర రంగు

టెక్కలిలో ఇంజినీరింగ్ చదువుతున్న మా అమ్మాయి కంప్యూటర్లో ఒక వస్తువుని గీస్తుంది. దాన్ని ఎక్కడ కదలకుండా పట్టుకోవాలో, ఎక్కడ ఎంత బరువు పడుతుందో చెబుతుంది. పట్టుకునేది కన్‌స్ట్రెయింట్, పడేది లోడ్. నీలం ఉంటే ఫరవాలేదు, ఎర్రగా ఉన్నచోట ఒత్తిడి ఎక్కువ. తెలుగు బియ్యే చదివిన నాకు అంతవరకు అర్థమైంది.

ఈ వేసవిలో ఉద్దానంలో మా అత్తగారి జీడిపిక్కల షెడ్డుకి రేకులు మార్చాలనుకున్నాం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు పైకప్పు ఎగిరిపోయింది. తర్వాత ఏరుకొచ్చిన రేకులకే అతుకులేసి నెట్టుకొచ్చాం. ఆరోజు గాలి గంటకి 140-150 కిలోమీటర్లు. 150 కిలోమీటర్ల గాలి ఎదురుగా ఉన్న ప్రతి చదరపు మీటరునీ నూరు కిలోల పైచిలుకు బరువంత తోస్తుందట. 75 అయితే సగమా అన్నాను. కాదట, నాలుగో వంతే!

అమ్మాయి షెడ్డు గీసి, రేకు అంచులన్నీ బిగించి, పైనుంచి గాలి పెట్టింది. అంతా నీలమే. మావారు సంతోషించారు, బోల్టుల ఖర్చు తగ్గుతుందని.

అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని చూశారు.

"ఏటమ్మా ఇది? రేకు సుట్టూ గమ్మెట్టి అంటించేసినావేటి? ఆ రేతిరి బోల్టుల కాడే సిరిగిపోయింది. గాలి తలుపులోంచి దూరి కింద నుంచి ఎత్తింది. ముందు మూల లేచింది, ఆ ఎనకే మిగతావి."

అమ్మాయి మారు మాట్లాడకుండా అంచులు విప్పేసింది. బోల్టులున్న చోట్లే పట్టి ఉంచి, కింద నుంచి తోపు, పైన పీకుడు రెండూ పెట్టింది. ఈసారి మూలల్లో బోల్టుల చుట్టూ ఎర్రటి చుక్కలు, అత్తయ్య నుదుటి బొట్టంత. మావారు చూసి ఊరుకున్నారు. మూలల్లో దగ్గర దగ్గరగా బోల్టులు వేయమని మేస్త్రీకి నేనే చెప్పాను. ఆ డబ్బు ఎక్కడ మిగిల్చానో మీకు చెప్పక్కర్లేదు.

అక్కడితో ఆగలేదు అమ్మాయి, కొబ్బరిచెట్టు కూడా గీసింది. మొదలు కదలకుండా బిగించి గాలి పెడితే చెట్టు వంగుతుంది, విరుగుతుంది, వేళ్లతో మాత్రం లేవదు. లేవడానికి వీల్లేదని తనే చెప్పింది కదా మరి! మా తోటలో విరిగినవాటి కన్నా వేళ్లతో కూలినవే ఎక్కువ.

"నేలని కూడా గియ్యి" అన్నారు అత్తయ్య.

"లెక్క తెల్లార్లూ పడుతుంది నానమ్మా."

"పడనీ."

లాప్‌టాప్ ఆ రాత్రంతా హోరుమంటూనే ఉంది. అత్తయ్య రెండుసార్లు లేచి చూసొచ్చారు.