బొగ్గు పుట్టిన ఊరిలో

ముప్ఫై యేళ్ళ క్రితం ఒక రంజాను మాసంలో, మా మదరసా రసీదు పుస్తకం సంచిలో పెట్టుకొని నేను తొలిసారి ఇల్లెందు వెళ్ళాను. చందా అడగడానికి సిగ్గుపడే వయసు. "జీతాల రోజు చూసుకొని వెళ్ళు, నీవు నోరు తెరవనక్కరలేదు" అని మా ఉస్తాదుగారు చెప్పి పంపారు. అలాగే జరిగింది. తరావీహ్ ముగిశాక బొగ్గుబాయి కార్మికులు మస్జిదు ముందు నిలబడి తామే పేర్లు రాయించుకున్నారు. రెండు రాత్రులలో పుస్తకం నిండిపోయింది. ఆ యేడు మా విద్యార్థుల పళ్ళెంలో అన్నం ఈ ఊరి బొగ్గు పెట్టినదే.

మొన్న చలికాలంలో ఒక పూర్వ విద్యార్థి వలీమాకు మళ్ళీ ఆ ఊరు వెళ్ళాను.

ఇల్లెందు చిన్న ఊరే గాని సామాన్యమైన ఊరు కాదు. 1871లో డాక్టర్ విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ పరిసరాలలోనే బొగ్గును గుర్తించారు. 1889లో తవ్వకం మొదలైంది. చేరువలోని సింగరేణి గ్రామం పేరే సంస్థకు స్థిరపడింది. తరువాత గనులు గోదావరి వెంట విస్తరించాయి, ప్రధాన కార్యాలయం కొత్తగూడెంలో నెలకొన్నది. తల్లి ఊరు మాత్రం క్రమంగా చిక్కిపోయింది. 1990ల తొలినాళ్ళలో సింగరేణి ఉద్యోగులు లక్షకు పైబడి ఉండేవారు. ఇప్పుడు నలభై వేల ప్రాంతం. సౌరశక్తి వచ్చి ఈ పనులను తీసివేయలేదు. పాత గనులు అడుగంటడం, యంత్రాలు, ఓపెన్ కాస్టు తవ్వకాలు తీసివేశాయి. అయినా బొగ్గు తగ్గితే ఒక ఊరికి ఏమవుతుందో చూడాలంటే రేపటి దాకా ఆగనవసరం లేదు, ఇల్లెందు చూస్తే చాలు.

జుహర్ నమాజు తరువాత మస్జిదు పక్కనున్న దర్జీ దుకాణంలో కూర్చున్నాను. దర్జీ నాకంటే నాలుగేళ్ళు పెద్ద.

"అప్పట్లో మా ఇంట్లో గడియారం లేదు మౌలానా. బాయి సైరను కూస్తే పొద్దు తెలిసేది. జీతాల వారం మూడు మిషన్లు తిరిగేవి" అన్నారాయన.

"బాయి మూసినప్పుడు ఏమైంది?"

"కార్మికులను వేరే గనులకు మార్చారు. వారికి ఉత్తర్వు ఉంది, క్వార్టరు ఉంది. నా మిషనుకు ఎవరు ఉత్తర్వు ఇస్తారు?"

సొరుగులోంచి కొలతల పుస్తకం తీసి చూపించారు. పేరు, ఛాతీ, నడుము, పొడుగు. చాలా పేర్ల పక్కన పెన్సిలుతో మణుగూరు, భూపాలపల్లి, గోదావరిఖని అని రాసి ఉంది. ఎవరు ఎక్కడికి వెళ్ళారో ఆయన గుర్తు పెట్టుకున్నారు. ఆయన ఎక్కడ ఉన్నారో రాసుకున్న దస్త్రం ఏదీ లేదు. టీ కొట్టువాడు, లారీ క్లీనరు, క్వార్టర్లలో అంట్లు తోమే స్త్రీ, వీరెవరూ ఏ హాజరు పట్టీలోనూ లేరు.

ఆయన పాత రోజులను పొగడలేదు. అన్నగారు బాయిలో పనిచేసి, దగ్గుతోనే వెళ్ళిపోయారట. బొగ్గు తగ్గాలన్నది నా అభిప్రాయం కూడా. ఎండలు ముదిరితే ముందు కూలేది ఆరుబయట పని చేసే కూలీయే. మన దేశం 2070 నాటికి నికర కర్బన ఉద్గారాలను సున్నాకు తెస్తానని 2021లో గ్లాస్గోలో ప్రకటించింది. అయితే గని మూతబడిన చోటే కొత్త పని మొలవదు. వేయి మెగావాట్ల సౌర పార్కు కర్నూలు జిల్లాలో వెలసింది. ఇల్లెందులోనూ సింగరేణి సౌర విద్యుత్ కేంద్రం పెట్టింది, సంతోషమే. కాని పలకలు బిగించాక వాటిని కడగడానికి, గడ్డి కోయడానికి, కాపలాకు కొద్దిమంది చాలు.

జర్మనీ వారు రాతిబొగ్గు గనులను మూయాలని 2007లో నిర్ణయించుకొని, చివరి గనిని 2018 డిసెంబరులో మూశారు. పదకొండేళ్ళు! మన చట్టంలోనూ 2015 నుండి జిల్లా ఖనిజ నిధి ఉంది, గనుల వల్ల ప్రభావితులైన వారి కోసం. ఆ ప్రభావితుల జాబితాలో దర్జీ పేరు ఉండాలని ఎవరైనా అడగాలి కదా? అదీ మూసిన తరువాత కాదు, మూయకముందే.

మాటల మధ్య, నిరుడు ఒక దాత మా మదరసా మిద్దెపై సౌర పలకలు పెట్టించారని, కరెంటు బిల్లు సగమయిందని కొంత గర్వంగానే చెప్పాను. దర్జీ తల ఊపారు.

"మంచిదే మౌలానా. మా అబ్బాయి బొగ్గు లారీ కొన్నాడు. ఇంకా నాలుగేళ్ళ కిస్తీలు ఉన్నాయి."

నాకు జవాబు తోచలేదు. రోడ్డు మీద టార్పాలిన్ కప్పిన లారీలు ఒకదాని వెంట ఒకటి పోతున్నాయి. ఆయన వాటి నంబర్లు చూస్తున్నారు.

లేచేటప్పుడు జేబులోంచి వంద రూపాయలు తీసి నా చేతిలో పెట్టారు. వద్దన్నాను. "అప్పుడు తీసుకున్నారు, ఇప్పుడెందుకు వద్దంటారు?" అని నొచ్చుకున్నారు. సంచిలో రసీదు పుస్తకం లేదు. ఆయన కొలతల పుస్తకంలోంచే ఒక కాగితం చింపి ఇచ్చారు. దాని మీద ఆయన పేరు, తేదీ, వంద రూపాయలు అని రాసి సంతకం చేశాను.