చెయ్యి తిరిగాకే... చక్రాలు మార్చాలి!

కొత్త కారు ఇంటికొచ్చిన మూడో రోజుకే మొదలవుతుంది ఆ దురద. 'ఈ చక్రాలు మరీ బక్కగా ఉన్నాయి, కాస్త లావువి వేయిద్దాం', 'ముందు బంపరుకి ఇనప కడ్డీలు బిగిద్దాం', 'మన అడవి దారికి ఈ లైట్లేం సరిపోతాయి, పైన ఎల్ఈడీ బార్ ఒకటి పెట్టిద్దాం'... కార్ డెకార్స్ దుకాణంలో కూర్చుని ఒక్కొక్కటే ఎంచుకుంటూపోతే బిల్లు చూసేసరికి కళ్లు తిరుగుతాయి. అయినా సరే! ఆదివారం పొద్దున్నే అమ్మానాన్నల్నీ పిల్లల్నీ ఎక్కించుకుని భద్రాద్రి రాముడి దర్శనానికి బయల్దేరతారు. కారేమో కొత్త పెళ్లికొడుకులా మెరిసిపోతుంటుంది. మరి స్టీరింగు పట్టుకున్న చేతులు? డ్రైవింగ్ స్కూల్లో కొద్దిరోజులు తిప్పి, ఆర్టీవో ట్రాకు మీద 'హెచ్' వేయించి పంపిన చేతులే అవి. వాటి మీద ఆ తర్వాత ఎవరూ పైసా ఖర్చుపెట్టలేదు.

ఆ లెక్క ఎంత తలకిందులుగా ఉందో తెలియాలంటే ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లే దారిని ఒకసారి జాగ్రత్తగా చూస్తే చాలు. సుమారు 120 కిలోమీటర్లు. మైదానం, బొగ్గు ఊళ్లు, అడవి, ఆ తర్వాత గోదావరి. అక్కడితో ఆగకుండా ఇంకాస్త ముందుకెళితే ఘాట్ రోడ్డు. డ్రైవింగులో ఉన్న పరీక్షలన్నీ వరసగా పేర్చినట్టుంటుంది.

వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు... ఇక్కడిదాకా దారి మనల్ని మురిపిస్తుంది. రెండువైపులా పత్తీ మిరపచేలూ, మధ్యమధ్య ఊళ్లూ. ఇక్కడే కుడికాలికి ధైర్యం వచ్చేస్తుంది. కొత్తగూడెం చేరేసరికి దారి రంగు మారుతుంది. సింగరేణి ప్రధాన కార్యాలయం ఉన్న ఊరిది. బొగ్గు లారీలు ఎదురవుతాయి. వాటి నుంచి రాలే నల్లటి పొడి మీద తొలకరి చినుకు పడిందంటే రోడ్డు జారుతుంది. నిజానికి జడివాన కన్నా ఆ మొదటి పావుగంట వానే ప్రమాదం. పాల్వంచ దాటగానే పెద్దమ్మ గుడి. కొత్త బండి అయినా పాత బండి అయినా ఇక్కడ ఆగి దండం పెట్టుకోవాల్సిందే. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడమూ మామూలే. పనిలోపనిగా ఆ టైర్లలో గాలి ఎంతుందో కూడా చూసుకుంటే అమ్మవారు ఏమీ అనుకోదు!

చీకట్లో జామాయిల్ బండి

ఇక్కణ్నుంచి సారపాక దాకా అడవి దారి. టేకూ, జామాయిల్ తోటలూ. చూడ్డానికి ఎంతో బాగుంటుంది, పగటిపూట. సాయంత్రం ఆరున్నర దాటాక కథ వేరు. సారపాకలో కాగితం మిల్లు ఉంది కాబట్టి ఈ చుట్టుపక్కల జామాయిల్, సుబాబుల్ కర్రను లారీల్లో, ట్రాక్టర్లలో తోలుతుంటారు. ట్రక్కు బయటికి బారెడు పొడుచుకొచ్చిన దుంగలు, చివరన ఒక ఎర్రగుడ్డ. వెనకలైటు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. ఆ పక్కనే రోడ్డు అంచున సంత నుంచి తట్ట నెత్తిన పెట్టుకుని నడిచొచ్చే ఆడవాళ్లు. వానాకాలంలో అయితే తడి నేల మీద పడుకోలేక తారు మీదికొచ్చి పడుకునే పశువులు. శ్రీరామనవమి, ముక్కోటి రోజుల్లో కాలినడకన వచ్చే భక్తుల గుంపులు సరేసరి.

ఇప్పుడు చిన్న లెక్క. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. ఎదురుగా ఏదో ఉందని కన్ను గుర్తించి, కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికి ఎంత చురుకైన వాడికైనా ఒక సెకను పడుతుంది. అంటే బ్రేకు ఇంకా పడకుండానే 22 మీటర్లు పోయాయి. పొడి రోడ్డు మీద, మంచి టైర్లతో, గట్టిగా తొక్కితే ఆగడానికి మరో 36 మీటర్లు. మొత్తం 58. డిమ్ లైటులో స్పష్టంగా కనిపించేది సుమారు 50 మీటర్లు. మిగిలిన ఆ ఎనిమిది మీటర్లలో ఉంటుంది జామాయిల్ బండి! అదే 60 వేగంలో ఉంటే 37 మీటర్లలో కారు ఆగిపోయేది. వంద దగ్గరైతే 84 మీటర్లు. వేగం రెట్టింపైతే బ్రేకు పట్టాక పోయే దూరం నాలుగు రెట్లవుతుందన్నది భౌతికశాస్త్రం, దాన్ని ఏ డెకార్స్ దుకాణంలోనూ మార్చలేరు.

'అందుకేగా ఎల్ఈడీ బార్ పెట్టించింది' అంటారేమో. ఆ వెలుగు ఎదుటివాడి కళ్లలో పడితే అతడికి రెండు మూడు సెకన్లపాటు ఏమీ కనిపించదు. రెండు లారీలు పట్టే రోడ్డు మీద కళ్లు కనిపించని లారీ మన మీదికే వస్తుందని గుర్తుంచుకోవాలి. లావు చక్రాల సంగతీ అంతే. కంపెనీ లెక్క కన్నా పెద్దవి వేస్తే వాటిని ఆపడానికి బ్రేకు మరింత కష్టపడాలి, పైగా స్పీడోమీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపిస్తుంది. ఎత్తు పెంచిన ఎస్‌యూవీ మలుపులో ఒరగడానికి ముందుంటుంది. ఇక ముందుభాగాన బిగించే కడ్డీలు ఢీకొన్నప్పుడు ఆ దెబ్బ తీరును మార్చేసి, ఎయిర్‌బ్యాగు సరైన క్షణంలో తెరుచుకోకుండా చేయగలవు. వీటి మీద చర్య తీసుకోమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు చెప్పింది.

బ్రేకు తొక్కడమూ ఒక చదువే

'బ్రేకు తొక్కడం నేర్చుకోవడమేంటండీ, నవ్వుతారు' అనిపించడం సహజం. కానీ 2019 ఏప్రిల్ నుంచి కొత్తగా అమ్మే ప్రతి కారుకీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. అది పనిచేసేటప్పుడు ఎలా ఉంటుందో కారున్న వాళ్లలో ఎంతమంది చూశారు? నిజంగా గట్టిగా తొక్కితే పెడలు కాలి కింద టకటకా కొట్టుకుంటుంది, కింద నుంచి గరగరమని చప్పుడు వస్తుంది. తెలియనివాడు ఏదో విరిగిందనుకుని కాలు తీసేస్తాడు. తీయకూడని క్షణంలో! ఏబీఎస్ ఉన్నదే, పూర్తిగా తొక్కిపట్టి ఉంచి కూడా స్టీరింగు తిప్పి పక్కకు తప్పుకోవడానికి. ఈ ఒక్క సంగతి కాలికి అలవాటు కావాలంటే ఎవరూ లేని చోట, పక్కన తెలిసినవాడు కూర్చుని, ఓ పదిసార్లు చేయించాలి.

అలా చేయించే చోట్లు మనకు మరీ దూరమేం కాదు. ఖమ్మంలో రాత్రి రైలెక్కితే పొద్దున్నకల్లా చెన్నై. అక్కడ శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేసు ట్రాకు ఉంది. కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో కరివర్ధన్ పేరుమీద వెలిసిన కారి మోటార్ స్పీడ్‌వే ఉంది. 2016లో జేకే టైర్ పోటీల్లో గెలిచిన మన హైదరాబాదు రేసర్ అనిందిత్ రెడ్డిలాంటి వాళ్లు రాటుదేలింది ఇలాంటి ట్రాకుల మీదే. రేసుల్లోకి వెళ్లాలన్న ఉద్దేశం లేనివాళ్లకూ ఇలాంటి చోట్ల ఒకటి రెండు రోజుల శిక్షణ దొరుకుతుంటుంది. ఒక సెట్టు అలాయ్ చక్రాలు, టైర్ల ఖర్చు పక్కన పెట్టి చూస్తే అది పెద్ద మొత్తమేమీ అనిపించదు.

మొదటి పాఠం వేగం కాదు, కూర్చోవడం! వీపు సీటుకు ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగు పైఅంచు మీద ఆనాలి. బ్రేకు పూర్తిగా తొక్కినా మోకాలు కాస్త వంగే ఉండాలి. చేతులు గడియారంలో తొమ్మిది, మూడు అంకెల దగ్గర. పడక్కుర్చీలో వాలినట్టు ఒంటిచేత్తో నడిపేవాళ్లకి ఇది మొదట చిరాకు. తర్వాత టైర్ల పాఠం. నాలుగు టైర్లూ కలిపి నేలను పట్టుకునేది నాలుగు అరచేతులంత జాగాలో. బండిని లాగడం, ఆపడం, తిప్పడం... మూడు పనులూ ఆ అరచేతులే చేయాలి. అన్నీ ఒకేసారి పూర్తిగా చేయమంటే ఒక్కటీ చేయలేవు. అందుకే వేగం తగ్గించేది మలుపుకు ముందు, తిన్నటి దారిలో. మలుపులోకి నెమ్మదిగా వెళ్లినవాడే బయటికి చులాగ్గా వస్తాడు. ఇక చూపు. కన్ను ఎటుంటే కారు అటు. గుంతనే చూస్తూ సైకిలు తొక్కిన ప్రతివాడూ ఆ గుంతలోనే పడ్డాడు కదా!

ఇక్కడ ఒక మెలిక ఉంది. 1980ల్లో నార్వేలో, జారే రోడ్డు మీద బండిని అదుపు చేయడం కొత్త డ్రైవర్లందరికీ తప్పనిసరిగా నేర్పారు. యువకుల్లో ప్రమాదాలు తగ్గకపోగా పెరిగినట్టు తర్వాత పరిశోధనలో తేలింది. 'నాకు వచ్చులే' అన్న ధీమా! ఆ తర్వాత అక్కడి శిక్షణ తీరు మారింది. ఎలా కాపాడుకోవాలో కన్నా, ఎంత తేలిగ్గా అదుపు తప్పుతుందో చూపించడం మీద దృష్టిపెట్టారు. కాబట్టి శిక్షణకు వెళ్లొచ్చి పాల్వంచ రోడ్డు మీద రేసు పెట్టేవాడు డబ్బు వృథా చేసుకున్నట్టే. ఆ వెళ్లొచ్చినవాడు ఇంతకుముందు 80లో వెళ్లే చోట 60లో వెళుతుంటే, వాడికి పాఠం వంటబట్టినట్టు.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా లేదా ఆరు నెలలదాకా జైలు, కుదిరితే రెండూ. బీమా కంపెనీకి చెప్పకుండా మార్చిన బండికి పరిహారం అడిగినప్పుడు వచ్చే తలనొప్పి దీనికి అదనం.

ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే

సారపాక దాటగానే గోదావరి. 1965 నాటి వంతెన, దానికి తోడుగా ఇటీవల వచ్చిన రెండోది. 2022 జులైలో నది ఇక్కడ 71 అడుగులు దాటినప్పుడు వంతెన మీద రాకపోకలే ఆపేశారు. వరదల రోజుల్లో ఈ చుట్టుపక్కల లోలెవల్ కాజ్‌వేల మీద నీళ్లు పారుతుంటే 'మనది ఎత్తు బండేగా' అని దింపేవాళ్లు కనిపిస్తారు. పారే నీరు రెండడుగుల లోతుంటే ఎస్‌యూవీనైనా పక్కకు నెట్టేయగలదు. అక్కడ పనికొచ్చే నైపుణ్యం ఒక్కటే, బండి వెనక్కి తిప్పడం.

దర్శనమయ్యాక చాలామంది మారేడుమిల్లి మీదుగా అన్నవరమో రాజమండ్రో వెళతారు. 2014లో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాక భద్రాచలం ఊరు దాటితే చాలు రాష్ట్రం మారిపోతుంది. ఎటపాక అటువైపే. అడవి మాత్రం ఒకటే. చింతూరు దగ్గర ఒక దారి ఛత్తీస్‌గఢ్‌లోని కుంట వైపు చీలిపోతుంది. రెండో దారి కొండెక్కుతుంది. భద్రాచలం నుంచి మారేడుమిల్లికి సుమారు 100 కిలోమీటర్లు. పక్కన లోయ, వెదురు పొదలు, పొగమంచు, ఒకదాని మీద ఒకటి మలుపులు. 2019 అక్టోబరులో భద్రాచలం నుంచి అన్నవరం వెళుతున్న కర్ణాటక యాత్రికుల బస్సు లోయలో పడి పలువురు చనిపోయింది ఈ ఘాట్‌లోనే.

ఈ కొండ మీద ఇంజిను బలంతో పెద్దగా పనిలేదు. ఎక్కడం ఎవరైనా ఎక్కుతారు, దిగడంలోనే ఉంది అంతా. దిగినంతసేపూ బ్రేకు మీదే కాలుంచితే అది వేడెక్కి, కమురు వాసన కొట్టి, చివరికి పెడలు మెత్తగా లోపలికి పోతుంది. లారీ డ్రైవర్లలో పాతకాలం నుంచీ ఒక లెక్కుంది: ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. రెండో గేరులో ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకు మలుపుకు ముందు మాత్రమే, తొక్కి వదిలేయాలి. ఆటోమేటిక్ కార్లున్నవాళ్లు 'ఎల్' అక్షరం ఎందుకుందో కనుక్కోవాల్సింది ఇక్కడే. ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. అది మర్యాద మాత్రమే కాదు, నిబంధన కూడా. మలుపు మలుపుకీ హారను. ఎదురుగా ఆర్టీసీ బస్సు వస్తుంటే దాని డ్రైవరు మలుపులో ఎంత వెడల్పు తీసుకుంటున్నాడో చూడాలి. రోజూ ఇదే కొండ దిగే మనిషి, ఫీజు లేని గురువు.

ఫార్ములా వన్‌లో మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన జాకీ స్టీవర్ట్, మెత్తగా నడపడమంటే ఏమిటో చెప్పడానికి కారు బానెట్ మీద గిన్నె పెట్టి, అందులో బంతి వేసేవాడట. బంతి బయటికి దొర్లకుండా నడపాలి. మారేడుమిల్లి ఘాట్‌లో దానికి వేరే గిన్నె అక్కర్లేదు. వెనకసీట్లో పిల్లలు చాలు. స్టీరింగు జెర్కుల్లో తిప్పితే, బ్రేకు గుద్దినట్టు తొక్కితే నాలుగో మలుపుకే ఒకరికి వాంతి, ఆరో మలుపుకు రెండోవారికి. అమ్మ నిమ్మకాయ వాసన చూపిస్తూ, 'కాస్త మెల్లగా పోనీరా' అంటూనే ఉంటుంది.

చెయ్యి తిరిగినవాడి కారులో కొండ దిగి చదును రోడ్డు మీదికి వచ్చేసరికి పిల్లలు ఒకరి భుజం మీద ఒకరు పడి నిద్రపోతుంటారు. అమ్మ ఒళ్లో పెట్టుకున్న పులిహోర డబ్బా పెట్టినచోటే ఉంటుంది. ఆ కారుకు ఉన్నవి కంపెనీవాడు బిగించిన చక్రాలే.